తాబేలు మోకాళ్ళ బుట్ట

నాన్నగారి సంవత్సరీకం అయ్యి చుట్టాలంతా వెళ్ళిపోయాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. ఏదో ఒక పని పెట్టకపోతే అమ్మ అలా గోడకి ఆనుకుని కూర్చుండిపోతుందని అటక మీద సామానంతా దింపించాను. ఇత్తడి గంగాళాలు, ముక్కాలి పీట, పాడైపోయిన రేడియో, వాటన్నిటి వెనకా పాత నేత చీరలో చుట్టి ఒక బుట్ట. చీర విప్పగానే వాసన వచ్చింది. ఎండు గడ్డి వాసన, దాంట్లో కట్టెల పొగ, కొంచెం మట్టి. ముప్పై ఏళ్ళు దాటింది, శ్రీకాకుళం గాలికీ ఇన్ని తుఫాన్లకీ ఆ వాసన పోలేదు. అమ్మ బుట్టని ఒళ్ళో పెట్టుకుని దాని మీదున్న గోధుమరంగు డిజైన్ని వేలితో తడుముతూ "ఖుదు" అంది. ఆ ఒక్క మాటే. ఇక నాకు ఏడుపు ఆగలేదు.

ఆ మాట గురించి ఎప్పటినుంచో రాయాలని ఉంది. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పటికీ రాయను.

నేను మూడో క్లాసులో ఉండగా నాన్నగారికి ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో లెక్కల మాస్టారి ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో అక్కడి స్కూళ్ళకి లెక్కలకీ సైన్సుకీ టీచర్లు చాలక బయటి దేశాల నుంచి తీసుకునేవాళ్ళు, మనవాళ్ళు కూడా వెళ్ళేవాళ్ళు. మాకు పడిన ఊరు సెరోవే. పట్నం అనలేం, పల్లె అనడానికి మరీ పెద్దది. బాంగ్వాటో అనే జనానికి అది రాజధాని. 1902లో వాళ్ళ రాజు మూడో ఖామా పాత రాజధాని వదిలేసి జనాన్నంతా ఇక్కడికి తీసుకొచ్చాడని చెప్పేవాళ్ళు. ఎటు చూసినా ఇసుక దారులు, గుండ్రటి మట్టి ఇళ్ళు, గడ్డి కప్పులు. తెల్లారకముందే మేకల మెడగంటలు, గాడిద బండి కిరకిర, ఆ వెనకే బూడిదరంగు పిట్ట ఒకటి చెట్టు చివర కూర్చుని "గో... వే..." అని సాగదీసి అరిచేది. ఆ పిట్ట మనల్ని పొమ్మంటోందని తమ్ముడు ఏడ్చేవాడు, అమ్మకి కూడా లోపల అలాగే ఉండేదేమో, పైకి అనేది కాదు.

వెళ్ళిన రెండో రోజో మూడో రోజో సాయంత్రం గుమ్మం బయట "కో కో" అని వినిపించింది. అక్కడ తలుపు కొట్టరు, బయట నిలబడి నోటితోనే కో కో అంటారు. చూస్తే పక్కింటి ముసలావిడ, చేతిలో ఎనామిల్ గిన్నె, గిన్నె నిండా దినావా. అమ్మ మూత తీసి చూసి "అయ్యో, ఇవి బొబ్బర్లే కదండీ!" అని నాన్నగారితో అన్నప్పుడు ఆ మొహంలో వచ్చిన వెలుగు నాకింకా గుర్తుంది. ఆవిడని ఊళ్ళో పిల్లలంతా న్కుకు అనేవాళ్ళు, అంటే అమ్మమ్మ. మేమూ అలాగే పిలిచాం. ఆవిడేమో అమ్మని పేరు పెట్టి పిలవకుండా నా పేరుకి ముందు "మ్మా" పెట్టి, నాన్నగారిని "ర్రా" పెట్టి పిలిచేది, అక్కడ పెద్దవాళ్ళని పెద్దబిడ్డ పేరుతో పిలవడమే మర్యాద. మనూళ్ళోనూ అంతే కదా, ఫలానా వాళ్ళమ్మా, ఫలానా వాళ్ళ నాన్నా అనే పిలుపు.

మర్నాడు అమ్మ వాళ్ళ ముంగిట్లోకి వెళ్ళి నిలబడిపోయింది. ఇంటి చుట్టూ నడుము ఎత్తు మట్టి గోడ కట్టి మధ్యలో ముంగిలి, దాన్ని లొల్వాపా అంటారు. న్కుకు మోకాళ్ళ మీద కూర్చుని ఆవుపేడా మట్టీ కలిపి నేల అలుకుతోంది, అలికిన తడి మీద నాలుగు వేళ్ళూ ఆనించి ఒంపులు ఒంపులుగా గీతలు లాగుతోంది. ఆ డిజైన్లని లెఖాపో అంటారు. అమ్మ చెప్పులు విప్పేసి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు, పేడ మాత్రం ఇద్దరికీ వచ్చు. ఆ రోజు నుంచి అమ్మకి సెరోవే అత్తవారి ఊరు కాదు, పుట్టిల్లే అయిపోయింది.

అసలు సంగతి ఇక్కడే మొదలు. నాకు కొంచెం అక్కడి భాష సెట్స్‌వానా మాటలు వచ్చాక ఒకరోజు న్కుకు నా గడ్డం పట్టుకుని "ఓ బినా ఎంగ్?" అని అడిగింది. బినా అంటే ఆడటం, నాట్యం చెయ్యడం. నువ్వు ఏం ఆడతావు అని అడుగుతోంది అనుకుని, వచ్చేముందు రెండేళ్ళు నేర్చుకున్నాను కాబట్టి కూచిపూడి అని చెప్పి నాలుగు అడుగులు వేసి కూడా చూపించాను. ఆవిడ చప్పట్లు కొట్టి చూసింది, చూశాక తల అడ్డంగా ఊపి నాన్నగారిని పిలవమంది.

నాన్నగారు స్కూల్లో కనుక్కుని వచ్చి చెప్పారు. అది నాట్యం గురించి కాదమ్మా, మీ కులదైవం లాంటి జంతువు ఏది అని అడగడం. అక్కడ ప్రతి వంశానికీ ఒక జంతువు ఉంటుంది. బాక్వెనా వాళ్ళకి మొసలి, బాఖాట్లా వాళ్ళకి కోతి, బాలెటే వాళ్ళకి అడవి దున్న, బాట్లోక్వా వాళ్ళకి చీమల పుట్టలు తవ్వే ఆర్డ్‌వార్క్, ఈ ఊరి బాంగ్వాటోలకి పుటి. పుటి అంటే డైకర్ అనే చిన్న జింక, మన అడవుల్లో కొండగొర్రె అంటారే దాదాపు అంత ఉంటుంది, అలికిడైతే చాలు నీళ్ళలోకి దూకినట్టు పొదలోకి దూకేస్తుంది. ఎవరి జంతువుని వాళ్ళు చంపకూడదు, తినకూడదు, దాని తోలు మీద కూర్చోకూడదు. "నేను పుటిని ఆడతాను" అంటే నేను పుటి వంశం దాన్ని, పుటిని కొలుస్తాను అని అర్థం. ఒకప్పుడు నిజంగానే ఆ జంతువు కోసం నాట్యం చేసేవాళ్ళేమో, అందుకే ఆ మాట మిగిలిందేమో అని పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ తిరిగిన డేవిడ్ లివింగ్‌స్టన్ కూడా రాశాడు. న్కుకుని అడిగితే "మా అమ్మమ్మ వాళ్ళు ఆడేవాళ్ళేమో, నేను చూళ్ళేదు, నేను తినను అంతే" అంది.

మరి మేమేం చెప్పాలి? అమ్మ గోత్రం చెప్పమంది. కాశ్యప గోత్రం. న్కుకు వెంటనే "అది ఏ జంతువు?" అంది. ఋషి పేరు అని నాన్నగారు చెప్పబోయి ఒక్క నిమిషం ఆగారు. లెక్కల మాస్టారైనా సంస్కృతం బాగా చదువుకున్న మనిషి, కశ్యపం అంటే తాబేలు అనే అర్థం కూడా ఉందని ఆయనకి గుర్తొచ్చింది. "తాబేలు" అని చెప్పారు. న్కుకు మొహం విప్పారిపోయింది. "ఖుదు! లో బినా ఖుదు!" అని మా నలుగురినీ వేలితో చూపిస్తూ, మీరంతా తాబేలుని ఆడేవాళ్ళు అని గట్టిగా అంది. ఎక్కడి నుంచో వచ్చిన కొత్తవాళ్ళం అప్పటిదాకా, ఆ క్షణంతో మాకొక వంశం వచ్చేసింది. వీధిలో ఒక్కొక్కళ్ళూ వచ్చి నాన్నగారిని "ఖుదు" అని పలకరించడం మొదలుపెట్టారు. అది వెక్కిరింపు కాదు, ఒక మనిషిని తన జంతువు పేరుతో పిలవడం అక్కడ చాలా పెద్ద గౌరవం, ఖోట్లాలో, అంటే ఊరి సభలో, రాజుని కూడా "పుటి" అనే సంబోధిస్తారు.

పుటి కథ న్కుకు చెప్పే తీరు చెప్పాలి. చలికాలం రాత్రిళ్ళు, ఇసుక ప్రాంతం కదా పగలు ఎండ కాసినా రాత్రి ఎముకలు కొరికే చలి, మూడు కాళ్ళ ఇనప కుండ కింద నిప్పుల చుట్టూ కూర్చునేవాళ్ళం. ఒకప్పుడు బాంగ్వాటోలూ బాక్వెనాలూ ఒక్కటేనట, అందరిదీ మొసలే. అన్నదమ్ముల మధ్య తగాదా వచ్చి బాంగ్వాటోల మూలపురుషుడు న్గ్వాటో ప్రాణం కోసం పారిపోయి ఒక పొదలో దూరాడు. తరిమేవాళ్ళు వచ్చేశారు. ఇక్కడ న్కుకు గొంతు బాగా తగ్గించేసేది, కర్రతో నేల మీద టక్ టక్ అని అడుగుల చప్పుడు చేసేది, మేం ఊపిరి బిగబట్టేవాళ్ళం. సరిగ్గా అప్పుడే ఆ పొదలోంచి ఒక పుటి చెంగున బయటికి దూకింది. మనిషి దాక్కుని ఉంటే జింక అంత నిమ్మళంగా పొదలో ఎందుకుంటుంది, ఇందులో ఎవరూ లేరు అనుకుని వాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. న్గ్వాటో బతికాడు. ఆ రోజు నుంచి పుటి మాంసం ముట్టం అన్నాడు. "ఆ పుటి ఆ పూట అటు పోకపోతే నేను లేను, ఈ నిప్పూ లేదు" అని కర్రతో నిప్పులు ఎగదోసేది.

ముట్టుకుంటే ఏమవుతుంది అని తమ్ముడు అడిగాడు ఒకసారి. పాదాలు పుళ్ళు పడతాయి అంది. ఆవిడ ప్రతి ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి, బైబిలు గుండెకి హత్తుకుని ఇసకలో అంత దూరం నడిచి వెళ్ళేది. అయినా పుటి దగ్గర మాత్రం మార్పు లేదు. మూడో ఖామా కూడా అంతే, పట్టుదల గల క్రైస్తవుడు, సారా ముట్టనివ్వని రాజు, కానీ ఆయన సమాధి మీద ఉన్నది ఏమిటో తెలుసా? కంచు డైకర్. సెరోవే మధ్యలో థాథాగన్యానా అని రాళ్ళ గుట్ట ఉంది, దాని మీదే రాజుల సమాధులు, స్వతంత్రం వచ్చాక దేశానికి మొదటి ప్రెసిడెంట్ అయిన సెరెత్సే ఖామాని కూడా 1980లో అక్కడే పెట్టారు. పెద్దల అనుమతి తీసుకుని స్కూలు వాళ్ళు మమ్మల్ని తీసుకెళ్ళారు. ఆంటన్ వాన్ వౌ అనే శిల్పి చేశాడట ఆ డైకర్‌ని. సింహాలూ ఏనుగులూ ఉన్న దేశంలో ఒక మహారాజు సమాధి మీద మోకాలెత్తు జింక, సన్నటి కాళ్ళతో నిలబడి ఉంది. నేను దాన్ని ముట్టుకోబోతే నా పక్కనున్న పిల్ల చటుక్కున నా చెయ్యి లాగేసింది. కంచుదే అయినా సరే ఆ పిల్ల ముట్టుకోదు.

అమ్మకి అర్థం కానిది ఒకటి ఉండేది. అక్కడ ఆవు అంటే ప్రాణం. "తడి ముక్కు దేవుడు" అని ఆవుకి వాళ్ళ భాషలో పేరు, మోదిమో ఓ న్కో ఎ మెత్సి. అది లేకపోతే నిద్ర ఉండదు, ఉన్నా దాని దిగులుతో నిద్ర ఉండదు అని సామెత కూడా చెప్తారు. పూర్వం పెద్దమనిషి పోతే పశువుల దొడ్లోనే పూడ్చేవాళ్ళట. పెళ్ళికి మగపెళ్ళివారు ఆవుల్ని ఇవ్వాలి, బాబాయి కూతుర్ని చేసుకుంటే ఆవులు మన దొడ్డికే తిరిగొస్తాయి అని వాళ్ళకో మాట ఉంది, మన మేనరికాల లెక్కలే. మరి అంత ప్రేమించే ఆవుని పెళ్ళికీ చావుకీ కోస్తారు. అమ్మ మనసు ఒప్పేది కాదు. ఒకసారి అడిగేసింది కూడా. న్కుకు చాలాసేపు ఆలోచించి, మనుషుల్ని ఒకచోట చేర్చడానికి ఆవుని మించింది మాకు లేదు, అందుకే పెద్ద రోజున దాన్నే ఇస్తాం అంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ కోసే రోజుల్లో మా వంటింట్లోకి వాసన రాకుండా కిటికీ వేసి వెళ్ళేది న్కుకు, ఎవరూ అడగకుండానే.

ఇప్పుడు తాబేలు సంగతి.

మొదటి వానలు పడ్డ రోజు. పూలా, పూలా అని వీధంతా కేకలు, పూలా అంటే వాన, వాళ్ళ డబ్బు పేరు కూడా అదే. వాన పడగానే ఇసకలోంచి తాబేళ్ళు బయటికొస్తాయి. ఒక కుర్రాడు పెద్ద తాబేలుని పట్టుకుని కాలికి తీగ కట్టి మా గేటు ముందు నుంచి లాక్కెళ్తున్నాడు, వెనక ఇంకో నలుగురు, కాల్చుకు తినడానికి. పసుపురంగు డిప్ప మీద చిరుతపులి మచ్చలు, అన్నం గిన్నె బోర్లించినంత ఉంది. న్కుకు కేక వేసింది. వాడు ఏమీ తప్పు చెయ్యలేదు నిజానికి, మాది పుటి, తాబేలు మాకు నిషేధం కాదు అన్నాడు. "నీకు కాదు, ఈ ఇంటికి అవును. దాన్ని ఆడేవాళ్ళ గుమ్మం ముందు దాన్ని ఈడుస్తావా?" అంది. వాడు తల దించుకున్నాడు. వాడికి రెండు మగ్విన్యాలు ఇచ్చింది, అంటే మన బోండాల్లాంటివి, పిండి ముద్ద నూనెలో వేయించినవి, ఇచ్చి తాబేలుని తీసుకుంది. తీగ విప్పుతుంటే కాలి దగ్గర చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. రెండు అరచేతుల్లో పెట్టుకుని, చంటిబిడ్డని బాలింత చేతికి అందించినట్టు అమ్మ చేతికి అందించింది.

అమ్మ ఏం చేసిందంటే పళ్ళెంలో నీళ్ళు పెట్టి, ఆ కాలి మీద పసుపు అద్ది, డిప్ప మీద కుంకుమ బొట్టు పెట్టింది. అమ్మది శ్రీకూర్మం దగ్గర పల్లె. కూర్మనాథుడి గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతారు, చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మతో వెళ్ళి వాటికి ఆకుకూరలు పెట్టేదట. ఇవన్నీ వచ్చీరాని సెట్స్‌వానాలో, సగం చేతులతో చెప్పింది, మా ఊళ్ళో ఈయనకి గుడి ఉంది, రాతి గుడి, కొండని వీపు మీద మోశాడు అని. న్కుకు కళ్ళు పెద్దవి చేసి విని "మీ ఖుదుకి ఇల్లు కట్టారా?" అంది. పుటికి అక్కడ గుడి లేదు, విగ్రహానికి పూజ లేదు, దీపం లేదు. తినకపోవడం, చంపకపోవడం, దాని పేరుతో మనిషిని పిలవడం, అంతే. చిన్నప్పుడు నాకు అది తక్కువ భక్తిలా అనిపించేది. ఇప్పుడు అలా అనిపించదు. రోజూ మూడు పూటలా నోటి దగ్గర పాటించేది తక్కువెలా అవుతుంది.

తాబేలు క్యాబేజీ ఆకు తిని, సాయంత్రానికి మెల్లిగా కంచె వైపు నడిచింది. కుంకుమ బొట్టుతోనే. న్కుకు లేచి నిలబడి "త్సమాయా సెంట్లే, ఖుదు" అంది, క్షేమంగా వెళ్ళు అని.

బుట్ట కొన్నది మరుసటి సంవత్సరం శీతాకాలం సెలవుల్లో. నాన్నగారి స్నేహితుడి పికప్‌లో ఇంటిల్లిపాదీ ఉత్తరానికి బయల్దేరాం, మౌన్ ఊరు దాటి ఒకవాంగో నది పాయల పక్కన ఎత్సా అనే ఊరు. ఆడవాళ్ళు చెట్టు కింద కూర్చుని మొకోలా తాటాకుని చీలికలు చేసి, వేళ్ళూ బెరడూ ఉడకబెట్టిన రంగు నీళ్ళలో ముంచి, సూదిలాంటి దాంతో గుచ్చుతూ చుట్టలు చుట్టలుగా అల్లుతున్నారు. ప్రతి డిజైన్‌కీ ఒక పేరు, అన్నీ జంతువులే. జిరాఫీ కన్నీళ్ళు, జీబ్రా నుదురు, ఎద్దు మూత్రం పోస్తూ నడిచిన జాడ, తాబేలు మోకాళ్ళు. ఎద్దు నడిచిన జాడ వంకర టింకరగా బుట్ట చుట్టూ తిరుగుతుంటే ఎంత గమనించి ఉండాలో ఆ కళ్ళు! తాబేలు మోకాళ్ళు అనగానే నాన్నగారు బేరం కూడా ఆడకుండా డబ్బులు తీశారు, ఆయన జీవితంలో బేరం ఆడకుండా కొన్న వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

అక్కడి నుంచి త్సోడిలో కొండలకి. ఇసకలో పికప్ దిగబడిపోయి మగవాళ్ళంతా తోసి తోసి, చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చదునైన ఎడారిలో ఒక్కసారిగా లేచిన కొండలు, మగకొండ, ఆడకొండ, పిల్లకొండ అని పేర్లు. నాలుగున్నర వేలకి పైగా బొమ్మలున్నాయి ఆ రాళ్ళ మీద, 2001లో యునెస్కో వారసత్వ స్థలం అయింది, మేం వెళ్ళినప్పుడు మాత్రం మేం తప్ప ఎవరూ లేరు. దారి చూపించిన అబ్బాయి అక్కడి ఆదివాసులైన సాన్ జనం వాడు, గట్టిగా మాట్లాడొద్దన్నాడు, కొండ వింటుంది అన్నాడు. మెడ నొప్పి పుట్టేంత ఎత్తులో, ఎర్ర రంగుతో ఈలాండ్ అనే జింక బొమ్మ, మన నీలుగాయి కంటే పెద్దది, బరువైన మెడ, అంత బరువులోనూ ఒక నిదానం. సాన్ వాళ్ళకి ఈలాండ్ అంటే శక్తి, ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు దాని పేరునే నాట్యం చేస్తారు, రోగం నయం చేసే రాత్రి నాట్యంలోనూ దాని బలాన్నే పిలుస్తారు. ఆ కొండల దగ్గరే ఉండే హంబుకుషు వాళ్ళేమో దేవుడు తమనీ తమ పశువుల్నీ ఆకాశం నుంచి ఆడకొండ మీదే దించాడంటారు, రాతిలో గిట్టల గుర్తులున్నాయని చూపిస్తారు. నేను నా కాలు పక్కన పెట్టి చూశాను. ఆ రాయి సాయంత్రం కూడా వెచ్చగా ఉంది.

మొన్నామధ్య తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంకి తీసుకెళ్ళాడు. మాలీ దేశం బమానా వాళ్ళ చివారా చూశాను, చెక్కతో చెక్కిన జింక బొమ్మ, కొమ్ములు నిటారుగా, ఆడదాని వీపు మీద పిల్ల. మనుషులకి వ్యవసాయం నేర్పింది ఆ జింక రూపమే అని వాళ్ళ నమ్మకం. తలకి అల్లిన బుట్ట టోపీ పెట్టుకుని దాని మీద ఈ జింకని కట్టుకుని, నారలు ఒళ్ళంతా కప్పుకుని, రెండు కర్రల మీద వంగి పొలంలో జంటగా ఆడతారు. సెరోవే నుంచి మాలీ అంటే ఎక్కడికెక్కడ, భాష వేరు, జనం వేరు, ఆఫ్రికా అని ఒక్క మాటతో అన్నీ కలిపేయడం నాకు నచ్చదు. అయినా ఆ అద్దాల పెట్టె ముందు నాకు వినిపించింది మాత్రం ఓ బినా ఎంగ్ అనే. జింక అక్కడ ఉంది, ఆడే మనిషి లేడు, పొలం లేదు. మన హైదరాబాద్ షాపుల్లో ఊరూ పేరూ లేకుండా ఆఫ్రికన్ మాస్క్ అని వేలాడదీసినవి చూసినా నాకు ఇదే బాధ. దాన్ని ఎవరో ఆడారు, వాళ్ళకో పేరుంది.

నాన్నగారి కాంట్రాక్టు అయిపోయి వచ్చేసిన రోజు న్కుకు బస్సు దాకా వచ్చింది. అమ్మా ఆవిడా పట్టుకుని ఏడ్చారు. నాన్నగారు చెయ్యి చాపితే రెండు చేతులతో పట్టుకుని "త్సమాయా సెంట్లే, ఖుదు" అంది. తాబేలుతో చెప్పిన గొంతే. తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి, ఎవరో స్కూలు పిల్లతో రాయించినవి, మూడోది రాలేదు.

మొన్న సంవత్సరీకంలో పురోహితుడు కాశ్యప గోత్రం అని నాన్నగారి పేరు చెప్పిన ప్రతిసారీ నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పెదాలు కదులుతున్నాయి. ఏం అనుకుందో అడగలేదు.

నిన్న బుట్టని మేడ మీద ఎండలో పెట్టింది. సాయంత్రం దింపి, తడిగుడ్డతో తుడిచి, డబ్బాలో ఉన్న బొబ్బర్లన్నీ అందులో పోసింది. పోసి, కింద పడ్డ నాలుగు గింజలు ఏరుకుంటూ, మన వీధి పిల్లలు కూడా అలా గుమ్మం బయట నిలబడి కో కో అంటే ఎంత బాగుండునే అంది.